నల్ల కారు, సాలెగూడు గీతలు, కరకంబాడి రోడ్డులో బోర్డు లేని షెడ్డు

కార్ల మీది సన్నగీతల్ని పాలిష్ పట్టి తీసే ఈ షాపుకి పేరు లేదు. తిరుపతి నుంచి కరకంబాడి రోడ్డు పట్టుకుని పోతే టైర్ల కొట్లూ లారీ బాడీ షెడ్లూ ఉండే చోట ఒక రేకుల షెడ్డు వస్తుంది. ముందర చుట్టి కట్టిన నీలం టార్పాలిన్, లోపల ఎప్పుడు చూసినా ఒకే ఒక్క బండి. బోర్డు ఎందుకు పెట్టలేదని అడిగితే, "బోర్డు పెడితే వాటర్ సర్వీసింగ్ అనుకోని ఆటోలన్నీ వస్తాయి సార్" అన్నాడు ఓనరు. తెలిసినవాళ్లందరూ ఆయన్ని పాలిష్ అన్న అనే పిలుస్తారు. నేనూ అలాగే రాస్తాను.

చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నాను. పని బాగుంది, ఇచ్చిన డబ్బుకి న్యాయం జరిగింది, చిరాకులూ ఉన్నాయి. అయితే ఆయన తీసిన గీతల కంటే, తీయకుండా వదిలేసిన గీతల వల్లే నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది. అదెలాగో కింద వివరంగా రాశాను.

నేను పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ని. తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, కొండ మీద మఠాలు, ముహూర్తం ఎక్కడుంటే అక్కడికి తెల్లవారుజామునే బయల్దేరే బతుకు. లైట్లు, స్టాండ్లు, గొడుగులు అన్నీ పడతాయని ఎస్‌యూవీ కొన్నాను. నలుపు మాత్రం మా ఆవిడ సెలెక్షన్. పెళ్లికొడుకుని తీసుకురావడానికి చివరి నిమిషంలో కారు దొరక్కపోతే మా బండికే పూలు చుట్టేస్తారు. తంటా అక్కడే మొదలైంది. రాత్రి రిసెప్షన్లో జంటని కారు పక్కన నిలబెట్టి ఒక్క ఎల్ఈడీ లైటు వేస్తే చాలు, పెళ్లికూతురి వెనకున్న డోరు మీద పెద్ద సాలెగూడు వెలిగేది. లైటు ఎటు జరిపితే గూడు అటు జరిగేది. ఆల్బమ్ ఎడిటింగ్ చేసే మా కుర్రాడు ఆ డోరుని సరిచేయలేక తిట్టుకునేవాడు.

సాలెగూడులా కనిపించే ఈ గీతల్ని స్విర్ల్ మార్కులు అంటారు. ఇవి గుండ్రంగా కనిపిస్తాయి గానీ నిజానికి గుండ్రంగా ఉండవు. రంగు పైనుండే క్లియర్ కోట్ మీద అన్ని దిక్కులా అడ్డదిడ్డంగా వేల సన్నగీతలు ఉంటాయి. లైటు చుట్టూ వలయంలా ఒరిగి ఉన్న గీతలు మాత్రమే ఆ వెలుగుని మన కంటికి తిప్పికొడతాయి, మిగతావి కనపడకుండా ఉండిపోతాయి. బల్బు చుట్టూ చక్రాల్లా తోచేది అందుకే. ట్యూబులైట్ల కింద ఇవేవీ కనిపించవు. వెలుగు వెడల్పుగా పరుచుకుని వస్తుంది కాబట్టి గీత మెరుపు అందులో కలిసిపోతుంది. మా ఫీల్డులో సాఫ్ట్ లైట్ అంటాం. ముఖం మీద మచ్చలు దాచడానికి మేం చేసే పనీ అదే. షోరూముల్లో పైన వరసగా ట్యూబులు వేసి బండి అప్పగించేది అందుకేనని నేననను గానీ, కొత్త బండి తీసుకునేవాళ్లు ఫోన్ టార్చి వేసి బానెట్ ఒకసారి చూసుకోండి. నా బండి షోరూము గేటు దాటి ఎండలోకి వచ్చిన రోజే దాని మీద గుడ్డ గీతలు ఉన్నాయి. ఆ షోరూము పేరు ఇక్కడ అనవసరం. డెలివరీ ముందు గబగబా కడిగే కుర్రాళ్ల చేతికి ఒకే బకెట్టు, ఒకే గుడ్డ ఇస్తే ఏ కంపెనీ బండికైనా అదే గతి.

నల్ల పెయింటు మెత్తన, అందుకే గీతలు పడతాయని చాలామంది అంటారు. గీత పడేది రంగు మీద కాదు, పైనున్న పారదర్శక పొర మీద. పక్కనున్న తెల్ల బండికీ అవే గీతలు ఉంటాయి. తెలుపు తనే బోలెడంత వెలుగుని చెదరగొడుతుంటే ఈ సన్నమెరుపు ఎవరికి కనబడుతుంది? నలుపు వెలుగుని మింగేస్తుంది కాబట్టి గీత ఒక్కటే బయటపడుతుంది. తెల్ల బండి ఓనర్లు హాయిగా నిద్రపోతారు, అంతే తేడా.

మొదలుపెట్టింది షోరూమైతే, మిగతాది మా అపార్ట్‌మెంటు పుణ్యం. పొద్దున్నే ఒక కుర్రాడు సెల్లార్లో ఉన్న బండ్లన్నీ ఒకే బకెట్టు నీళ్లతో తుడుస్తాడు. నెలకింత అని ఫ్లాటుకొకరం ఇస్తాం. మా బండి వరస చివర ఉంటుంది కాబట్టి అక్కడికొచ్చేసరికి ఆ నీళ్లు టీ రంగులో ఉంటాయి. మన వైపు దుమ్ము కూడా సామాన్యమైంది కాదు. చిత్తూరు నుంచి కుప్పం దాకా గ్రానైట్ పని, రోడ్ల మీద ఆ లారీలే. గ్రానైట్లో ఉండే క్వార్ట్జ్ మోస్ కాఠిన్య స్కేలు మీద పదికి 7. క్లియర్ కోట్ చూస్తే గట్టిపడిన రెజిన్ పొర. ఆ పొడి మీద తడిగుడ్డ పెట్టి తుడిస్తే ఏమవుతుందో చెప్పాలా? లెన్సు మీద దుమ్ము పడితే మేం ముందు బ్లోయర్‌తో ఊదుతాం, ఆ తర్వాతే గుడ్డ. ఊదకుండా గుడ్డ పెట్టిన అసిస్టెంటుకి మళ్లీ కెమెరా ఇవ్వం. రెండు మూడు లక్షల లెన్సుకి ఉన్న మర్యాద పదిహేను లక్షల కారుకి ఎందుకు లేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఈ షెడ్డుకి వెళ్లేముందు ఊళ్లో ఇంకొన్ని చోట్ల విచారించాను. ఒకచోట ఏసీ గది, కాఫీ, గోడ మీద పెద్ద టీవీ. బండి వైపు చూడకుండానే సిరామిక్ కోటింగ్ (పెయింటు మీద పూసే పల్చటి రక్షణ పొర) ప్యాకేజీలు చెప్పడం మొదలుపెట్టారు. 9హెచ్ అట, మూడేళ్ల వారంటీ అట. మరి ఈ గీతల సంగతేంటంటే "కోటింగ్ పడితే మూసుకుపోతాయి సార్" అన్నారు. మూసుకుపోవు. కోటింగ్ మందం మహా అయితే ఒకటి రెండు మైక్రాన్లు, పైగా గాజులా పారదర్శకం. కింద ఉన్న గీత కిందే ఉంటుంది, పై మెరుపుకి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆ 9హెచ్ అనేది పెన్సిల్ పరీక్షలో వచ్చే అంకె, గట్టి పెన్సిల్ ములికి తట్టుకుంటుందని అర్థం. మోస్ స్కేలుకీ దానికీ సంబంధం లేదు. ఇసుక ముందు అది నిలబడదు.

ఇంకోచోట పదిహేను వందలకి మధ్యాహ్నంలోపు రబ్బింగ్ చేసి ఇస్తామన్నారు. మా బావమరిది అలాగే చేయించాడు. బండి తీసుకున్న రోజు అద్దంలా ఉంది. కొన్నిసార్లు కడిగాక ఎండలో చూస్తే పక్షి ఈకల్లాంటి చారలు, బానెట్ ఈ చివర నుంచి ఆ చివరదాకా. వాటిని హోలోగ్రామ్స్ అంటారు. ఉన్ని ప్యాడ్ వేసిన రోటరీ మెషీన్ని చేతకానివాళ్లు తిప్పితే వచ్చేవి అవే. ఆ రోజుకి అవి కనపడకుండా పాలిష్‌లో ఉండే నూనె, గ్లేజు గీతల్ని పూడ్చేస్తాయి. నాలుగు వాష్‌లకి గ్లేజు పోతుంది, గీత మిగులుతుంది.

పాలిష్ అన్న బండిని చూసిన తీరే వేరు. మాట్లాడకుండా టార్చి తీశాడు. బానెట్ దగ్గర వంగి, పక్కకి తిరిగి, టార్చిని అటూ ఇటూ ఊపుతూ బండి చుట్టూ తిరిగాడు. చివరికి అడిగిన మొదటి మాట:

"ఎవురు సార్ దీన్ని తుడిచేది?"

"అపార్ట్‌మెంట్ కుర్రాడు."

"ముందు అది మాన్పించండి. మాన్పించకుండా నేను తీసినా మళ్లీ ఇట్లే ఉంటాది. మీ డబ్బు దండగ, నా రెక్కలు దండగ."

తర్వాత జేబులోంచి పెయింటు మందం కొలిచే మీటరు తీసి ఒక్కో ప్యానెల్ మీద కొన్ని చోట్ల పెట్టి చూశాడు. బానెట్ మీద 110 నుంచి 120 మైక్రాన్ల మధ్య ఉంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎడమ వెనక డోరు మీద 260 దాటింది. "ఇది కంపెనీ పెయింటు కాదు" అన్నాడు, నేనేమీ చెప్పకముందే. నిజమే, బస్టాండు దగ్గర ఆటో గీస్తే ఇన్సూరెన్సులో మళ్లీ వేయించిన డోరు అది. ఈ మీటరు చూపించేది ప్రైమరు, రంగు, క్లియర్ కోట్ అన్నీ కలిపిన మందం. క్లియర్ కోట్ ఒక్కటీ మామూలుగా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, అది ఎంత మిగిలిందో మీటరు విడిగా చెప్పదు. ప్లాస్టిక్ బంపర్ల మీద అసలు పనిచేయదు, కింద లోహం ఉండాలి.

బానెట్ ముందంచు దగ్గర ఒకచోట 92 చూపించింది. అక్కడ పసుపు మాస్కింగ్ టేపు అంటించి పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టాడు. ఆ టేపు కిందే ఒక గీత ఉంది, నాలుగు వేళ్ల పొడుగు, చాన్నాళ్లుగా నన్ను విసిగిస్తున్నది. "దీన్ని తీయను" అన్నాడు. గోరు అడ్డంగా లాగి చూపించాడు, గోరు తగులుకుంది. గోరు తగిలే గీత లోతైనదని లెక్క. దాన్ని పూర్తిగా పోగొట్టాలంటే చుట్టూ ఉన్న క్లియర్ కోట్ అంతా ఆ లోతు దాకా అరగదీయాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపే మందు ఉండేది ఆ పొరలోనే. పల్చబడితే ఆ రోజుకి ఏమీ కాదు, కొన్నేళ్లకి అక్కడ తెల్లగా పొక్కి పొట్టు రాలుతుంది. అప్పుడు పాలిష్ పనికిరాదు, ప్యానెల్ మొత్తం పెయింటు వేయించాల్సిందే. "దాని అంచులు మెత్తబరిస్తే ఎదురుగా నిలబడి చూస్తే తప్ప కనబడదు. అంతవరకే చేస్తా. ఇష్టమైతే బండి పెట్టండి."

బండి పెట్టాను.

పని రెండు రోజులు. మొదటిరోజు మెషీన్ ముట్టుకోడు, కడగడమే. ముందు ప్రెషర్‌తో నీళ్లు, తర్వాత నురగ చల్లి కాసేపు వదలడం, మళ్లీ నీళ్లు, అప్పుడు గానీ చేత్తో ముట్టుకోలేదు. తర్వాత ఇనుప రేణువుల్ని కరిగించే ద్రావణం చల్లాడు. చల్లిన కాసేపటికి డోర్ల కింది భాగమంతా వంకాయ రంగు చారలు కారాయి. కుళ్లిన గుడ్డు వాసన ఒకటి. చక్రాల దగ్గర మరీ ఎక్కువ. "కొండకి బాగా తిరుగుతారా సార్?" అని అడిగాడు. 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే కదా, ఆ వంపుల్లో బ్రేకు మీద కాలు తీయడానికి ఉండదు. డిస్కులూ ప్యాడ్లూ అరిగి ఎగిరిన పొడి పెయింటులో గుచ్చుకుని కూర్చుంటుంది. మామూలు షాంపూకి రాదు. ఆ తర్వాత క్లే, అంటే పెయింటులో గుచ్చుకున్న మురికిని లాగేసే బంకమట్టి లాంటి ముద్ద. చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడిగి బానెట్ మీద రాయమన్నాడు, గరగరమంది. క్లే రుద్దిన చోట మళ్లీ రాయమంటే జారిపోయింది. క్లే కూడా నలుపు మీద కొంచెం గీస్తుందట, అందుకే వెనకాల పాలిష్ చేసే పని ఉంటేనే వాడతాడు. ప్యాకేజీల్లో క్లే ఒక్కటే చేసి పంపేవాళ్లున్నారు, నల్ల బండివాళ్లు అడిగి తెలుసుకోండి.

రెండోరోజు తెల్లవారుతూనే రమ్మన్నాడు. మే నెల. తొమ్మిది దాటితే రేకుల కింద నల్ల ప్యానెల్ చెయ్యి పెట్టనివ్వదు, వేడికి కాంపౌండ్ (గీతల్ని అరగదీసే పేస్టు) ఎండిపోయి పిండి రాలుతుంది. పని ఆయన ఉదయం, సాయంత్రం చేస్తాడు, మధ్యలో టార్పాలిన్ దించేసి పడుకుంటాడు. నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచాడు. రబ్బరు బీడింగులకీ, హెడ్‌లైట్ అంచులకీ, ప్యానెల్ మూలలకీ టేపు వేశాడు. అంచుల్లో పెయింటు సహజంగానే పల్చగా ఉంటుంది, మెషీన్ అక్కడే తినేస్తుంది.

మెషీన్ ఇటలీ కంపెనీ రూపెస్‌ది, 21 ఎమ్ఎమ్ త్రో (ప్యాడ్ పక్కలకి ఊగే వెడల్పు) ఉన్న డీఏ, అంటే డ్యూయల్ యాక్షన్ పాలిషర్. షెడ్డులో ఖరీదైన వస్తువు అదొక్కటే. రోటరీలో ప్యాడ్ ఒకే ఇరుసు మీద తిరుగుతుంది. డీఏలో తిరుగుతూనే పక్కలకి కూడా ఊగుతుంది, అందుకే చారలు పడవు, వేడీ తక్కువ. ప్యాడ్ బిగించే ప్లేటు పక్కన తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత గీసి ఉంది. ఎందుకంటే, గట్టిగా నొక్కినా, వంపు తిరిగిన చోట ఒక అంచు మీదే ఆనినా డీఏ ఊగుతుంది గానీ తిరగడం ఆగిపోతుంది, కోత ఆగిపోతుంది. శబ్దంలో పెద్ద తేడా తెలీదు. ఆ గీత తిరుగుతోందా లేదా అని ఆయన కన్ను ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. వీల్ ఆర్చ్ దగ్గర గీత నిలిచిపోయిన ప్రతిసారీ మణికట్టు కొంచెం ఒంచేవాడు, గీత మళ్లీ మసకబారేది.

ముందు బానెట్ మధ్యలో అడుగున్నర చదరం కట్టి మెత్తని ఫోమ్ ప్యాడు, ఫినిషింగ్ పాలిష్ వేసి చూశాడు. మెత్తటి దాంతో పని అయిపోతే గట్టిది ఎందుకు అని ఆయన లెక్క. సగం గీతలు పోయాయి, సగం అలాగే ఉన్నాయి. ఒక మెట్టు పైకెళ్లి మీడియం ప్యాడ్ మీద కాంపౌండ్ నాలుగు చుక్కలు పెట్టాడు. శనగ గింజంత చుక్కలు, అంతకంటే ఎక్కువ వేయడు. అంగుళం అంగుళం జరుగుతూ, ప్రతి వరసా ముందు వరసలో సగం కప్పేలా, ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం. పక్కనుంచి చూస్తే ఈయనకి పని మీద ఇష్టం లేదేమో అనిపించేంత నిదానం. చదరం పూర్తయ్యాక ప్యాడ్‌ని బ్రష్‌తో గీకి, అందులో చేరిన నల్ల పిండి దులిపి, అప్పుడు తర్వాతి చదరం.

నా కంటికి అప్పటికే అద్దంలా ఉంది. ఆయన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లు చల్లి తుడిచాడు. నూనె పోయింది, పోయాక ఒక మూల కొన్ని గీతలు బయటికొచ్చాయి. "ఇదీ అసలు మొహం" అని మళ్లీ మెషీన్ అందుకున్నాడు. ఈ తుడుపు లేకుండా బండి అప్పగించేవాళ్లని నమ్మకండి. బావమరిది బండికి జరగనిది ఇదే.

చదరం పక్కన టేపు తీసి చూపించినప్పుడు నా ఎల్ఈడీ లైటు తెచ్చి పెట్టాను. టేపుకి ఇటువైపు లైటు ఒక తెల్లటి చుక్కలా, అంచులు కోసినట్టు కనిపించింది. అటువైపు అదే లైటు చుట్టూ గూడు. ఫొటో తీసి మా ఎడిటింగ్ కుర్రాడికి పంపాను.

ఇంకో చిన్న విషయం. తుడిచే మైక్రోఫైబర్ గుడ్డ ఒకటి చేతిలోంచి జారి నేల మీద పడింది. దులిపి మళ్లీ వాడలేదు. మూలనున్న ఎర్ర బకెట్లోకి విసిరేశాడు. అందులో పడ్డవి చక్రాలకీ ఇంజన్ బేకీ తప్ప పైకి రావు. అది చూశాక నేను టీకి వెళ్లొచ్చాను, అక్కడే కాపలా ఉండాల్సిన పని లేదనిపించింది.

పెయింటు వేయించిన డోరు దగ్గర మాత్రం పని పైపైనే సాగింది. మందం ఎక్కువుంది కదా గట్టిగా చేయొచ్చు అనుకున్నాను. లోపల పుట్టీ ఎంతుందో, క్లియర్ ఎంతుందో ఎవరికి తెలుసన్నాడు. మెత్తటి ప్యాడుతో ఒక్క విడత చేసి వదిలేశాడు. ఆ డోరు ఇప్పటికీ మిగతా బండి కంటే ఒక పిసరు మసక.

మొత్తం మీద నా అంచనాలో నూటికి ఎనభై గీతలు పోయాయి. లోతువి ఉన్నాయి, ఎక్కడున్నాయో చెబితే తప్ప ఎవరూ చూడరు. రంగు లోతు వచ్చింది. రాత్రి రిసెప్షన్ ఫొటోల్లో డోరు మీద పెళ్లికూతురి చీర అంచు కనబడుతోంది.

ఇక చిరాకులు. ఫోన్ ఎత్తడు. ఎత్తితే "రేపు చెప్తా" అంటాడు. డేట్ దొరకడమే గగనం, దొరికాక కూడా ముందు బండి తేలకపోతే మనది వెనక్కి జరుగుతుంది. ముహూర్తాల సీజన్లో నాలాంటివాడికి అది టెన్షనే. కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూలు, అంతకు మించి ఏమీ ఆశించొద్దు. బిల్లు అడిగితే నోటు పుస్తకంలో చీటీ చింపి రాసిచ్చాడు. వారంటీ అనే మాటే లేదు. వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్‌కి టేపు వేయడం మరిచినట్టున్నాడు, కాంపౌండ్ చిమ్మి తెల్లటి చుక్కలు ఎండిపోయాయి. ఇంటికొచ్చాక గానీ చూడలేదు. తర్వాత వెళ్లి చూపిస్తే మెత్తటి బ్రష్ పెట్టి గొణుక్కుంటూ తుడిచాడు గానీ ఒకటి రెండు చోట్ల మరక ఉండిపోయింది. వెనక బ్యాడ్జి అక్షరాల సందుల్లో పిండి కూడా నేనే టూత్‌బ్రష్‌తో తీసుకున్నాను. ఇంత జాగ్రత్త మనిషి దగ్గర ఇది నాకు నచ్చలేదు.

నా సైజు బండికి 8,500 తీసుకున్నాడు. చిన్న కార్లకి 6,500 అంటాడు. పదిహేను వందల రబ్బింగ్ పక్కన పెడితే ఎక్కువ, కోటింగ్ ప్యాకేజీల పక్కన పెడితే తక్కువ. కోటింగ్ నువ్వు వేయవా అని అడిగాను. వేస్తాడట. "మీకిప్పుడొద్దు. కడిగే పద్ధతి కుదిరినాక రండి" అన్నాడు. కోటింగ్ ఉంటే మురికి తేలిగ్గా జారుతుంది, రుద్దే పని తగ్గుతుంది, అంతవరకు అది గీతల్ని తగ్గిస్తుంది. గుడ్డ పెట్టి రుద్దేవాడికి అది అడ్డం రాదు. గీతని నిజంగా ఆపేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్), 150 నుంచి 200 మైక్రాన్ల మందమున్న ఫిల్మ్. సన్నగీతలు పడినా వేడికి వాటంతటవే పూడుకుంటాయి. దానికి అయ్యే ఖర్చుతో నేను ఇంకో కెమెరా బాడీ కొనుక్కుంటాను.

కడిగే పద్ధతి అంటే పెద్ద విద్యేం కాదు. అపార్ట్‌మెంటు కుర్రాడికి నెల డబ్బులు ఆపలేదు, మా బండి అద్దాలూ చక్రాలూ మాత్రం చేయమన్నాను. బాడీ ముట్టుకోడు. ముందు వాడికి ఇది అవమానంలా తోచింది, "ఏం నా, నేను సరిగ్గా తుడవడం లేదా?" అన్నాడు. గీతలు చూపించాక తన బైకు ట్యాంకు మీద టార్చి వేసుకుని చూసుకున్నాడు. దుమ్ము పడ్డ బండిని కడిగేదాకా అలాగే వదిలేస్తున్నాను. దుమ్ము ఊరికే కూర్చుంటే ఏమీ చేయదు, దాన్ని కదిపితేనే గీత. చూసేవాళ్లు ఫొటోగ్రాఫర్‌కి బండి కడిగే టైం లేదనుకుంటారు, అనుకోనీ.

వారానికోసారి నేనే కడుగుతాను. రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గ్లవుజు జాడించడానికి. రెండింట్లోనూ అడుగున జాలీ, మట్టి దాని కిందకి దిగిపోతుంది. ముందు పైప్‌తో నీళ్లు కొట్టి వదులుగా ఉన్నదంతా పోగొట్టాలి. పైనుంచి కిందకి, రూఫ్‌తో మొదలుపెట్టి డోర్ల అడుగు చివరికి. గుండ్రంగా తిప్పకుండా నేరుగా లాగాలి. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు, పైన పూసిన మైనం ఉంటే దాన్ని పల్చబరుస్తుంది, అప్పుడు గుడ్డ జారకుండా పట్టేస్తుంది. మైక్రోఫైబర్ గుడ్డలు ఇంట్లో బట్టలతో కలిపి వేయొద్దు, వాసనొచ్చే ఫాబ్రిక్ కండిషనర్ అసలు వద్దు.

మనవైపు ఇంకో శత్రువు బోరు నీళ్లు. ఎండలో కడిగి వదిలేస్తే నీటిచుక్క ఆరిన చోట తెల్ల ఉంగరం మిగులుతుంది, కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. నలుపు మీద అవి స్విర్ల్స్ కంటే అసహ్యంగా ఉంటాయి. వాటిని గోరుతోనో పొడిగుడ్డతోనో రుద్దితే మళ్లీ గీతలే. నేను చివర్న వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు పోసి ఆరబెడుతున్నాను. ఉంగరాలు కొత్తవైతే నీళ్లు కలిపిన వెనిగర్‌కి కరుగుతాయి, తర్వాత బాగా కడిగేయాలి. పెద్ద టవల్ బానెట్ మీద పరిచి మెల్లగా అద్ది తీయాలి.

బాడీ కవర్ గురించి అందరూ అడుగుతారు. సెల్లార్లో, శుభ్రమైన బండి మీద అయితే సరే. ఆరుబయట, దుమ్ము పట్టిన బండి మీద కప్పితే గాలికి ఆ కవరు రాత్రంతా దాన్ని రుద్దుతూనే ఉంటుంది. కొండ మీద పార్కింగులో కోతులు బానెట్ ఎక్కితే మాత్రం ఏ పద్ధతీ లేదు, గోవిందా అనుకోవడమే.

కాణిపాకంలో వాహన పూజ చేయించినా, దసరాకి ఆయుధ పూజ చేసినా బొట్లు అద్దం మీద పెట్టించమన్నాడు పాలిష్ అన్న. బానెట్ మీద పెట్టిన తడి పసుపు, కుంకుమ ఎండి గట్టిపడ్డాక ఇంటికొచ్చి పొడిగుడ్డతో గీకేవాళ్లే ఎక్కువట. దసరా తర్వాత వారంలో ఆయన దగ్గరికి వచ్చే బండ్లన్నీ బానెట్ మధ్యలో ఒకే చోట గీతలతో వస్తాయట. పెట్టాల్సి వస్తే నీళ్లతో బాగా నానబెట్టి జార్చేయాలి. పసుపు మరక కొంచెం ఉండిపోయినా ఎండకి దానంతటదే వెలిసిపోతుంది, రుద్దక్కర్లేదు.

నల్ల బండి ఉండి, చిన్న గీతకి కూడా ప్రాణం గిలగిల్లాడేవాళ్లకి ఈ షెడ్డు సరిపోతుందో లేదో చెప్పలేను. ఆయన అన్నీ తీయడు, తీయమని పట్టుబడితే వేరే చోటికి వెళ్లమంటాడు. రెండేళ్లకి బండి మార్చేసేవాళ్లకి ఇంత ఖర్చు కూడా అనవసరం. బండిని పదేళ్లు ఉంచుకునేవాళ్లు వెళ్లొచ్చు. ఆదివారం ఉండడు. పొద్దున ఏడులోపు వెళ్తే మనిషి దొరుకుతాడు, ఫోన్ కంటే అదే నయం. డబ్బు ఫోన్‌పేలో తీసుకుంటాడు. వెళ్లేటప్పుడు మర్యాద కోసం బండి కడిగించుకుని వెళ్లకండి. దారిలో వాటర్ సర్వీసింగ్ చేయించుకుని వచ్చిన ఒకాయన్ని నా ముందే వాయించేశాడు. మురికితోనే తెమ్మంటాడు, మొదటి నీళ్లు తనే కొట్టాలట.